వార్ధక్యమున ఔషధసేవనము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. 1914లో బెజవాడలో గ్రంథభాండాగారముల ప్రథమ మహాసభ జరిగిన నాటనుండి తెలుగునాట గ్రంథాలయమనగా పుస్తకములు దాచు గది మాత్రమే కాదు. ఊరివారికి పనికివచ్చు విషయమును నలుగురు కూర్చుండి విచారించుకొను చావడి కూడ. అట్టి చావడిలో నేటి విచారణకు వచ్చిన విషయము వృద్ధుల ఔషధసేవనము. ఈ తలుపులు తొలిసారి తెరచిననాడు 40 ఏండ్ల వయస్సున చందాదారులైనవారికి నేడు 65. నాటి 60 ఏండ్లవారికి 85. పుస్తకముల వయస్సుతోపాటు పాఠకుల వయస్సును పెరిగినది. 2011 జనాభా లెక్కల నాటికే దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైబడి యుండిరి. వారిలో ఉదయము లేచి రెండు మూడు మాత్రలు మ్రింగని వారిని వెదకి పట్టుకొనవలసిన కాలమిది.

ఔషధము వలన ఆయువు పెరిగినదనుట నిజము. దానిని కాదనుట కృతఘ్నత యగును. అయితే ఏ ఔషధము ప్రాణము నిలిపినదో ఆ ఔషధమే వయస్సు ముదిరినపుడు మోతాదు తప్పియో, మరియొక మందుతో కలహించియో ప్రాణము మీదికి తెచ్చుటయు నిజమే. విషము సైతము యుక్తిగా వాడిన ఔషధమగుననియు, ఔషధము సైతము యుక్తి తప్పిన విషమగుననియు చరకసంహిత మొదటి అధ్యాయమునందే హెచ్చరిక యున్నది. ఆ యుక్తి యేమన్నదే ఇప్పటి ప్రస్తావన.

ఒక పాఠకుని వృత్తాంతముతో ప్రారంభించుట మేలు. గ్రంథాలయపు సందర్శకుల పుస్తకము తిరుగవేసినచో ఒక సంతకము ఏండ్ల తరబడి ప్రతిదినము కానవచ్చును. తలుపు తీయుటతోడనే వచ్చి, పత్రిక చూచి, పోతన భాగవతము రెండు పుటలు చదివి, చదివిన చోట తాటాకు ముక్క యుంచి వెళ్లు ఒక పెద్దమనిషి సంతకమది. ఆయనకు 78వ ఏట ఆ సంతకము ఆగిపోయినది. పదునొకండు నెలలు ఆ చోటు ఖాళీ. తాటాకు ముక్క గజేంద్రమోక్షము నడుమ అట్లే యుండిపోయినది. “వయసు మీద పడింది, ఇంకేం వస్తాడు” అని ఊరు అనుకొన్నది. ఇంటివారును అట్లే తలచిరి. పట్టపగలు కునుకుపాట్లు, మనుమరాలిని కూతురి పేరున పిలుచుట, మాట మధ్యలో మరచుట, నడచుచు గోడ పట్టుకొనుట. తుదకొక రాత్రి మూత్రవిసర్జనకు లేచి గడపకు కాలు తగిలి పడగా కుడి మణికట్టు విరిగినది. అందరును ముసలితనమునే నిందించిరి. గూటిలోనున్న మాత్రల సంచిని ఎవరును అనుమానింపలేదు.

ఆ వృత్తాంతము ముగింపు చెప్పుటకు ముందు, మందు శరీరమున నడచు దారి కొంత తెలియవలసియున్నది.

మందు ఒంటబట్టుట చెరువునకు నీరు చేరుట వంటిది. పని ముగించి బయటికి పోవుట తూము గుండ నీరు పారుట వంటిది. ఈ చెరువునకు ముఖ్యమైన తూములు రెండు. మొదటిది కాలేయము, అది మందును విరుగగొట్టి మార్చును. రెండవది మూత్రపిండముల జత. అవి వడగట్టి వెలుపలికి పంపును. వయస్సుతో కాలేయమునకు పోవు రక్తము తగ్గును. మూత్రపిండముల వడపోత 40 ఏండ్లు దాటినది మొదలు పలువురిలో ఏటేట కొంచెము చొప్పున క్షీణించి, 80 ఏండ్లు వచ్చుసరికి యౌవనమున నుండిన దానిలో సగమునకో, సగమునకు కొంచెమెక్కువకో దిగును. పైనుండి వచ్చు నీరు అంతయే. తూము మాత్రము పూడినది. ఇక కట్టమీదికి నీరెక్కుటలో ఆశ్చర్యమేమి? 40 ఏండ్లవానికి సరిపోయిన మోతాదు 80 ఏండ్లవానికి నాడు మ్రింగినది నాడు పోక, నిన్నటి నిలువ మీద నేటిది, నేటి నిలువ మీద రేపటిది చేరుచుండును.

ఇందు ఒక మోసము కూడ కలదు. రక్తమున క్రియాటినిన్ అను పదార్థమును కొలిచి మూత్రపిండముల స్థితి చెప్పుదురు. ఆ పదార్థము కండరములనుండి పుట్టునది. వృద్ధులకు కండ తరిగియుండును గనుక అది పుట్టుటయే తక్కువ. అందుచేత మూత్రపిండములు నీరసించియున్నను పరీక్ష చీటీ మీద అంకె సరిగానే కనబడవచ్చును. తెలిసిన వైద్యుడు ఆ అంకెనొక్కదానిని నమ్మక, రోగి వయస్సును, స్త్రీపురుష భేదమును లెక్కలో చేర్చి వడపోత ఎంతయో కట్టి చూచి మోతాదు నిర్ణయించును.

మరియొక మార్పు. వయస్సుతో దేహమున నీటిభాగము తగ్గి క్రొవ్వుభాగము హెచ్చును. క్రొవ్వున కరగు మందులు అందులో దాగి మెల్లమెల్లగా వెలికి వచ్చుచుండును. నిద్రకును బెదురునకును ఇచ్చు డయాజిపామ్ దీనికి మంచి తార్కాణము. 20 ఏండ్ల యువకుని రక్తమున అది సగమునకు తగ్గుటకు సుమారు 20 గంటలు పట్టగా, 80 ఏండ్ల వృద్ధునిలో సుమారు 90 గంటలు పట్టునని 1975లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. 90 గంటలనగా నాలుగు రోజులకు కొంచెము తక్కువ. ప్రతి రాత్రి ఒక మాత్ర మ్రింగువాడు నిజమునకు నిద్రను రాత్రికి కాక, వారమంతటికిని కొనుచున్నాడన్నమాట. పగటి కునుకుపాట్లకు, తడబాటునకు, పడిపోవుటకు వేరొక కారణము వెదకనక్కరలేదు.

ఈ సత్యమును గ్రహించుటకు లోకము పెద్ద మూల్యమే చెల్లించినది. 1980లో బ్రిటనునందు కీళ్లవాతమునకు బెనాక్సాప్రోఫెన్ అను క్రొత్త మందు ఓప్రెన్ అను పేర అంగళ్లకు వచ్చినది. దినమునకొకసారి తీసుకొనిన చాలుననుటచే వృద్ధులకది సుఖముగ తోచినది. 1982లో ఆ మందు వాడిన వృద్ధస్త్రీలు కామెర్లు ముదిరి మరణించిన వృత్తాంతములు వైద్యపత్రికలో వెలువడినవి. ఆ సంవత్సరము ఆగస్టులో దాని అమ్మకము నిలిచిపోయినది. అప్పటికి దానితో సంబంధము కలవని తెలియవచ్చిన మరణములు అరువదికి పైగా. చనిపోయినవారిలో అధికులు వృద్ధులు. యువకులలో ఒకటిన్నర దినముల లోపుననే సగమునకు తగ్గు ఆ మందు వృద్ధులలో నాలుగు దినముల వరకు నిలిచియుండెనని పిదప తేలినది. వాడవలసినవారు ముసలివారు, మోతాదు కట్టినది పడుచువారి లెక్కన. ఎవరి చెరువునకు ఎవరి తూము కొలత తీసినట్లయినది!

ఇట్టి అనుభవముల ఫలితముగా 1991లో అమెరికా దేశపు వైద్యుడు మార్క్ బీర్స్, సహచరులతో కూడి, వృద్ధులకు సాధారణముగ ఈయదగని మందుల జాబితా నొకదానిని కూర్చెను. నేటికిని అది బీర్స్ జాబితా యనియే వ్యవహరింపబడుచున్నది. అమెరికాలోని వృద్ధవైద్యుల సంఘము దానిని కాలానుగుణముగ సవరించుచు 2023లో మరల ప్రకటించినది. ఐర్లండునందు 2008లో అట్టి పట్టిక మరియొకటి వెలసినది. దాని విశేషమేమనగా, ఆపవలసిన మందులనే కాక, వృద్ధుడనుచు ఉపేక్షించి ఈయక మానుచున్న మంచి మందులనుకూడ అది పేర్కొనును. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మందుల వలన కలుగు హానిని తగ్గించుటయే తన రోగిరక్షణ ఉద్యమమునకు మూడవ మెట్టుగా నిర్ణయించుకొన్నది.

దూరదేశముల మాట అటుంచి, ఇంటింటను జరుగు పొరపాట్లను చూతము.

మొదటిది నొప్పిమాత్ర. మోకాళ్ల నొప్పి లేని ముసలితనము అరుదు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వేసికొనిన గంటలో హాయి. కాని అవి కడుపులో పుండు రేపి రక్తము కార్చగలవు. ఒంట నీరును ఉప్పును నిలిపి రక్తపోటు పెంచగలవు. మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించగలవు. రక్తపోటునకు వాడు కొన్ని మాత్రలతోను, నీరు తీయు మాత్రతోను ఇవి కలిసినప్పుడు మూత్రపిండములకు మూడు వైపుల దెబ్బ తగులును. వేసవిలో విరేచనములు పట్టి ఒంటిలో నీరు తగ్గిన దినమున ఈ మూడును కలిసిన ముప్పు మరింత దగ్గర.

ఈ మందు చేసిన పని ఒకటి ఆకాశమునకేసి చూచినవారికందరికి తెలియును. ఊరి వెలుపల కళేబరములపై వ్రాలు రాబందులు ఏమైనవి? పశువులకు వాపు తగ్గుటకు పొడిచిన డైక్లోఫినాక్ ఆ పశువుల కళేబరముల ద్వారా రాబందుల కడుపున జేరి, వాని మూత్రపిండములను నశింపజేసినదని 2004లో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. అప్పటికే వేలకు వేలు, లక్షలకు లక్షలు పక్షులు పోయినవి. మనుష్యునకు ఆ మందు రాబందులకంత తీవ్రము కాదు. కాని రెండింటికిని మూత్రపిండములే గురి. తనకు అరువది వేలయేండ్లని చెప్పుకొని, ఆ వయస్సున సీతాదేవి కొరకు రావణునితో పోరిన జటాయువు వంశము, నొప్పిమాత్ర చేత అంతరించు స్థితికి వచ్చుట కాలవైపరీత్యము. ఇంటిలోని జటాయువులనైన కాపాడుకొనవలెను గదా.

రెండవది చక్కెరవ్యాధి మాత్రయు ఉపవాసమును. ఏకాదశినాడో, శివరాత్రినాడో, కార్తిక సోమవారమునాడో పెద్దవారు అన్నము మానుదురు, మాత్ర మానరు. “మందు మానకూడదని డాక్టరు చెప్పాడు” అందురు. రంజాను మాసమున ఉపవసించు ముస్లిము పెద్దలకును ఇదే చిక్కు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు అన్నము వచ్చినను రాకున్నను చక్కెరను దించుచునే యుండును. అందు గ్లిబెన్‌క్లమైడ్ శరీరమున ఎక్కువసేపు నిలుచునది. మూత్రపిండములు క్షీణించినవారిలో ఇంకను ఎక్కువ. పడుచువారికి చక్కెర పడిపోయిన చెమటపట్టి, చేతులు వణకి, ఆకలి వేసి ముందే తెలియును. ముసలివారికి ఆ సూచనలు మందగించి, సంబంధము లేని మాటలో, మగతయో, పడిపోవుటయో మొదట కనబడును. పూజ కడ కూర్చున్న తల్లి మాట తడబడిన, భక్తి పారవశ్యమని ఊరకుండరాదు. మ్రింగగల స్థితిలో నున్నచో వెంటనే పంచదార నీళ్లు త్రావించవలెను. మ్రింగలేనిచో నోట ఏమియు పోయక వైద్యుని కడకు చేర్చవలెను. తేరుకొన్నను చక్కెర మరల పడిపోవచ్చును గనుక ఒంటరిగా విడువరాదు. ఉపవాసము తలపెట్టినవారు పది దినములు ముందుగనే వైద్యునడిగి, ఆనాటి మాత్ర సంగతి తేల్చుకొనుట ధర్మమునకును దేహమునకును మేలు.

మూడవది జలుబుమాత్ర. క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన మాత్రలు పిల్లలకును ఇత్తురు గనుక అవి నిరపాయమని తలంపు. వృద్ధునిలో అవే నోరెండించును, మలబద్ధము చేయును, మతిని మసకబార్చును. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పురుషునకు మూత్రము బిగియబట్టి ఆసుపత్రి పాలు చేయును. కంటిచుక్కలును అట్లే. కంటిలో ఒత్తిడి తగ్గించుటకు వాడు టిమొలాల్ చుక్కలు కంటినుండి ముక్కులోనికి జారి, రక్తమున కలిసి, నాడిని మందగింపజేయును. ఉబ్బసమున్నవానికి ఊపిరి బిగింపజేయును. కంట వేసినది కంటనే యుండునని తలచి వైద్యునితో ఆ మాట చెప్పని వారెందరో!

నాలుగవది పొట్లముల వైద్యము. చీటీ లేక, పేరు లేక, కాగితమున మడిచి ఇచ్చు పొడితో ఏండ్లనాటి కీళ్లనొప్పులు మూడు దినములలో మాయమైనచో సంతోషింపక సందేహింపవలెను. అట్టి పొడులలో స్టిరాయిడ్లు కలిసియుండుట పరీక్షలలో పలుమార్లు బయటపడినది. నెలల తరబడి వాడిన అవి ఎముకలను గుల్లచేయును, చక్కెరను పెంచును, చర్మమును కాగితమువలె పలుచన చేయును. భయపడి ఒక్కసారి ఆపినచో ప్రాణాపాయము. ఇది ఆయుర్వేదమునకు తప్పు గాదు. అష్టాంగములలో వార్ధక్యమునకు ప్రత్యేకముగ ఒక అంగమునే కేటాయించిన శాస్త్రమది. పేరు చెప్పని పొడి ఏ శాస్త్రమునకును చెందదు. అయితే ఆకుమందనగా అపాయము లేనిదనుటయు పొరపాటే. దగ్గునకు నమలు అతిమధురము ఎక్కువ దినములు వాడిన రక్తపోటు పెంచి, ఒంటిలోని పొటాషియమును తగ్గించును. నీరు తీయు మాత్రయు ఆ లవణమునే తగ్గించును. రెండును కూడిన గుండె లయ తప్పవచ్చును. వేపచెట్టు క్రింది మందైనను, గాజు సీసాలోని మందైనను వైద్యునికి చెప్పి వాడుటయే పద్ధతి.

ఇక తెలుగువారు గర్వించు ఒక పేరు స్మరింపవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున సహచరులతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. దానికి విరోధులైన ద్రవ్యములును అక్కడనే రూపొందినవి. మొదట రక్తపు కేన్సరునకు వాడిన ఆ తరగతిలోనిదే మెథోట్రెక్సేట్. 1948లో సుబ్బారావుగారు గతించిన పిమ్మట కొన్ని దశాబ్దములకు అదే మందు చిన్న మోతాదున కీళ్లవాతమునకు ప్రధానౌషధమైనది. ఎందరు తాతలు, అవ్వలు దాని వలన మరల వ్రేళ్లు ముడువగలుగుచున్నారో! అయితే కీళ్లవాతమునకు దీనిని వారమునకొకమారు మాత్రమే తీసుకొనవలెను. పొరబడి దినదినము మ్రింగి నోరు పుండై, రక్తకణములు నశించి మరణించినవారు లోకమున పెక్కుదేశములందు కలరు. ఈ మందు పోవు తూము మూత్రపిండములే గనుక వృద్ధులలో ముప్పు హెచ్చు. దీని ఉపద్రవమును తగ్గించుటకు వైద్యులు దీనితోపాటు వేరొక దినమున ఇచ్చునది ఫోలిక్ ఆమ్లము. గాయము చేయగల కత్తియు, గాయము మాన్పు లేపనమును ఒకే పరిశోధనాలయమున పదును దేరినవన్నమాట. అట్టి మహనీయుని మందును వాడు ఇంటిలో, వాడవలసిన వారము పేరు పట్టీ మీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచుట ఆయనకు చేయు చిన్న నమస్కారము.

ఇంతవరకు విన్నవారు ఇల్లు చేరి మందులన్నియు దొడ్డిలో పారవేయుదురేమో! అది మరింత ప్రమాదము. 80 ఏండ్లు దాటిన 3,845 మందిపై జరిగి 2008లో ప్రకటితమైన పరిశోధనలో, రక్తపోటునకు మందిచ్చుటచే గుండెజబ్బులును మరణములును తగ్గినట్లు తేలినది. ముసలివారికి రక్తపోటు మందెందుకను వాదమునకు అది సమాధానము. మరియొక ప్రక్క, ఆరోగ్యముగ నున్న 19,114 మంది వృద్ధులపై ఆస్ట్రేలియా, అమెరికాలలో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, ముందు జాగ్రత్తకని దినము ఆస్పిరిన్ వేసికొనుటచే ఆరోగ్యముతో గడుపు కాలము పెరుగలేదు. రక్తస్రావము మాత్రము పెరిగినది. అయితే గుండెపోటు ఒకమారు వచ్చినవారి సంగతి వేరు. వారికి వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్ మానుట అపాయము. కావున మందు మంచిదా చెడ్డదా యను ప్రశ్నయే సరికాదు. ఎవరికి, ఏ వయస్సున, ఏ రోగమునకు, ఎంత, ఎన్నాళ్లు, మరి దేనితో కలిపి అని యడుగవలెను.

ఇప్పుడు సంతకము ఆగిన పెద్దమనిషి వద్దకు మరలుదము.

మణికట్టు కట్టుతో ఆయన మంచమున నుండగా, సెలవులకు వచ్చిన మనుమరాలు మాత్రల సంచి మంచముపై క్రుమ్మరించి ఒక్కొక్క పట్టీ చదువసాగినది. పెద్ద అక్షరములలో నుండు అమ్మకపు పేరు విడిచి, దాని ప్రక్క చిన్న అక్షరములలో నుండు అసలు పేరు చదివినది. “తాతయ్యా, ఈ రెండు మాత్రల పేర్లు వేరు గాని, లోపలున్న మందు ఒకటే. నువ్వు రెండూ వేసుకుంటున్నావు” అన్నది. “ఒకటి పట్నం డాక్టరు ఇచ్చిందమ్మా, ఒకటి మన ఊళ్లో ఇచ్చింది. వేరువేరేమో అనుకున్నాను” అని ఆయన సమాధానము. రెండును డైక్లోఫినాక్. ఆ మరునాడే ఆ సంచి సంచిగనే వైద్యుని బల్ల మీదికి చేరినది.

వైద్యుడు తేదీలవారీగా చీటీలు పేర్చి చూడగా పది నిమిషములలో కథ బయటపడినది. మోకాళ్ల నొప్పికి మాత్ర. అది రెండింతలగుటచే రక్తపోటు పెరిగినది. రక్తపోటు పెరుగుటచే అమ్లోడిపిన్ మాత్ర 5 మిల్లీగ్రాముల నుండి 10కి పెంచబడినది. ఆ మోతాదునకు పాదములు వాచినవి. పాదముల వాపు వ్యాధియనుకొని మరియొకరు నీరు తీయు మాత్ర వ్రాసిరి. దానిని సాయంకాలము వేసికొనుటచే రాత్రి నాలుగైదు మారులు లేవవలసి వచ్చినది. నిద్ర చెడినది. నిద్రకు అంగడిలో అడిగి తెచ్చుకొన్నది డయాజిపామ్. పడిశమునకు తెచ్చుకొన్నది క్లోర్‌ఫెనిరమిన్. ఆ మగతలో లేచినప్పుడే గడప తగిలినది. ఒక మందు చేసిన కీడును క్రొత్త రోగమని భ్రమించి దానికి మరియొక మందు, దాని కీడునకు ఇంకొకటి. ఈ వరుసకు 1990ల నాటనుండి వైద్యశాస్త్రమున ప్రత్యేకముగ పేరే యున్నది. తెలుగున దీనిని మందుల గొలుసు అనవచ్చును. గొలుసున మొదటి కడియము మోకాలు. చివరి కడియము విరిగిన మణికట్టు.

వైద్యుడు క్రొత్త మందేమియు వ్రాయలేదు. ఉన్నవానిని తీసివేయుటయే ఆయన చేసిన చికిత్స. నొప్పిమాత్రలు రెండును మాన్పి, అవసరమైన దినమున పారాసిటమాల్, కాపడము, తొడకండరములకు వ్యాయామము, చేతికర్ర చెప్పెను. రక్తపోటు దిగిన కొలది అమ్లోడిపిన్ తగ్గించెను. వాపు తీయగానే నీటిమాత్ర అక్కరలేకపోయినది. నిద్రమాత్ర మాత్రము ఒక్కసారిగ ఆపక, వారముల తరబడి కొంచెము కొంచెముగ తగ్గించెను. ఏలయన అలవాటైన దానిని ఒక్క పెట్టున ఆపినచో బెదురు, వణకు, మూర్ఛయును రావచ్చును. తొమ్మిది మాత్రలు మూడైనవి. రెండు నెలలకు మనుమరాలు మనుమరాలి పేరుననే పిలువబడినది.

అన్నియు మరలి రాలేదు. మణికట్టు వంకరగనే అతికినది. పదునొకండు నెలల కాలము ఎవరును తిరిగి ఈయలేరు. ఆ నెలలలో ఆయన చిన్ననాటి స్నేహితుడొకడు గతింపగా, కడసారి చూపునకైన పోజాలని మగతలో నుండెను. ఆ బాధ ఆయనను విడువలేదు. ఆ పదునొకండు నెలలను ముసలితనము ఖాతాకు వ్రాసి ఊరుకొన్నవారందరును అందులో భాగస్వాములే.

పొలమునకు లెక్క కలదు, పాడికి లెక్క కలదు, పచారీ కొట్టునకు ఖాతా పుస్తకము కలదు. ప్రాణమునకు సంబంధించిన మాత్రకు లెక్క లేకుండుట తగునా? ప్రతి పెద్దవారికి ఒక చిన్న పుస్తకముండవలెను. మందు అసలు పేరు, మోతాదు, ఎందుకు, ఎవరు వ్రాసిరి, ఎన్నడు మొదలు, ఎన్నడు ముగింపు అను ఆరు గడులు చాలును. ఎందుకు అను గడి ఖాళీగనున్నచో ఆ మందును గూర్చి అడుగవలసిన సమయము వచ్చినదన్నమాట. ఆరు నెలలకొకసారియైనను మాత్రలు, చుక్కలు, లేపనములు, పొడులు, కషాయములు సర్వమును ఒక సంచిలో వేసికొని ఒకే వైద్యునకు చూపవలెను. క్రొత్త మందు మొదలుపెట్టిన కొలదిదినములలో క్రొత్త బాధ కలిగినచో, అది క్రొత్త రోగమనుకొనుటకు ముందు ఆ మందునే అనుమానింపవలెను. పొరుగింటివారికి పనిచేసినదని వారి మాత్ర తెచ్చుకొనరాదు. రక్తపోటు మందు వాడువారు ప్రక్కమీదనుండి ఒక్క ఊపున లేవక, కొంతసేపు కూర్చుండి, పిదప నిలువబడి, ఆ తరువాత నడువవలెను. తనంతతానుగ ఏ మందును ఆపరాదు. ఆపవచ్చునా అని అడుగుటకు మాత్రము వెనుదీయరాదు.

ఇందు గ్రంథాలయము చేయదగిన పని ఒకటి యున్నది. పట్టీల మీది అసలు పేర్లు ఆవగింజలంత అక్షరములలో, అదియు పెద్దలలో పలువురికి రాని భాషలో నుండును. చదువు నేర్చిన పిల్లలు నెలకొక ఆదివారము ఇక్కడ కూర్చుండి, సంచులు తెచ్చిన పెద్దలకు ఆ అక్షరములు చదివి పుస్తకమున తెలుగులో వ్రాసి ఈయవచ్చును. మందు మార్చుట వారి పని కాదు, అది వైద్యునిది. చదివి పెట్టుట మాత్రమే వారిది. ఒక మనుమరాలు ఒక తాతకు చేసినది ఊరిలోని మనుమలందరు తాతలందరికి చేయుట. ఇరువదియైదేండ్లుగ అక్షరభిక్ష పెట్టిన గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన రజతోత్సవ కానుక యేమున్నది?

సందర్శకుల పుస్తకమున ఆ పెద్దమనిషి సంతకము మరల కానవచ్చుచున్నది. పాత సంతకమువలె గుండ్రముగ లేదు. చేయి వంకరయగుటచే అక్షరములు ప్రక్కకు ఒరిగినవి. తాటాకు ముక్క గజేంద్రమోక్షము దాటి ముందునకు జరిగినది.

గ్రంథాలయము శతవర్షోత్సవము జరుపుకొనుగాక. పెద్దలు ఆయురారోగ్యములతో, తేరిన మతితో వర్ధిల్లుదురుగాక. స్వస్తి.